పొలములో కొంత భాగమును అమ్ము రైతు తన కాగితములను తానే చూచుకొనవలసిన విధము
(రైతుల సభలో చదువబడిన ఉపన్యాసము)



భూమిని కొనువాడు భయపడును, అమ్మువాడు భయపడడు. కొనువాడు పహాణీ నకలు తీయించును, పొరుగు పట్టాదారులను విచారించును, సర్వేయరును పిలిపించి గొలుసు వేయించును, దస్తావేజు ముసాయిదాను తెలిసినవారికి చూపించును. అమ్మువాడో, సొమ్ము తనకు ముట్టవలెను, కాగితము వానికి కావలెను, కాగితపు శ్రమ వానిదే యని యెంచి, పిలిచిన దినమున కార్యాలయమునకు వచ్చి, చూపిన చోట వ్రేలిముద్ర వేసి పోవును. ఉన్న భూమి యంతయు అమ్మి ఊరు విడుచువానికి ఈ యలసత్వమువలన కలుగు నష్టము కొలదియే. పొలములో ఒక ముక్క అమ్మి, మిగిలినదానిని దున్నుకొని బ్రదుకవలసిన రైతు సంగతి వేరు. అతడు అమ్మిన ముక్కకు ఏ హద్దు వ్రాయబడునో అదియే మిగిలిన ముక్కకును హద్దగును. కొనువాని దస్తావేజులోని ఒక్క పంక్తి అమ్మినవాని పొలమును పెంచనూ గలదు, తెంచనూ గలదు.

ఒక రైతును ఊహింపుడు. అతనికి ఒకే సర్వే నంబరులో మూడెకరముల భూమి కలదు. తూర్పున బాట. బాట వెంబడి పొలము పొడవు 330 అడుగులు, బాటనుండి పడమరకు లోతు 396 అడుగులు. కూతురి పెండ్లి అప్పు తీర్చుటకై ఇరువది గుంటలు అమ్మదలచెను. గుంట యనగా 33 అడుగుల చదరము, అనగా 121 చదరపు గజములు. నలువది గుంటలు ఒక ఎకరము. ఇరువది గుంటలకు 21,780 చదరపు అడుగులు. ఇంతవరకు లెక్క అందరికిని తెలిసినదే. ఆ ఇరువది గుంటలు ఎక్కడ కోయవలెనను దానిలోనే చిక్కున్నది.

కొనువాడు సహజముగా బాట ప్రక్క కోరును. బాట పొడవంతయు 330 అడుగులు, లోతు 66 అడుగులు కొలిచి యిచ్చిన సరిగా ఇరువది గుంటలగును. అమ్మినవానికి వెనుక 330 అడుగుల చదరము, రెండున్నర ఎకరములు మిగులును. విస్తీర్ణమున లోపము లేదు. కాని ఆ రెండున్నర ఎకరములకు బండి పోవు దారి లేదు. మరుసటి వానకాలమున కొన్నవాడు కంచె వేయును. అప్పుడు దారి కొరకు వాని గడపకు పోయి బ్రతిమాలవలెను, లేదా న్యాయస్థానమునకు పోవలెను. అదే ఇరువది గుంటలను ఒక ప్రక్కగా, బాట వెంబడి 55 అడుగుల వెడల్పు, 396 అడుగుల లోతు కొలిచి యిచ్చియుండిన, మిగిలిన పొలమునకు బాటపై 275 అడుగుల ముఖము నిలిచియుండును. కొనువాడు అందుకు ఒప్పుకొననిచో, 12 అడుగుల వెడల్పున ఒక దారిని విడిచి మిగిలినది అమ్మవచ్చును. ఆ దారికి పోవునది 66 అడుగుల లోతున 792 చదరపు అడుగులు, అనగా ముప్పాతిక గుంటకు కొంచెము తక్కువ. ఇంత స్వల్పమైన నేల మాట దస్తావేజులో చేరనందున రెండున్నర ఎకరముల విలువ సగమగుట కలదు.

బేరము కుదురక మునుపే పొలములో నిలిచి గొలుసు వేయించి, నాలుగు మూలల రాళ్లు పాతించి, కొలతలతో కూడిన చిన్న పటమును గీయించి, దానిపై ఇరువురును సంతకములు చేయుట యుక్తము. సర్వేయరు రుసుము కొన్నవాడే యిచ్చుకొనునని వేచియుండరాదు. కొన్నవాడు పిలిపించిన సర్వేయరు కొన్నవాని మాటయే ముందు వినును. తెలంగాణమున 2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టమున, ప్రభుత్వము ప్రకటించు తేదీనుండి అమ్మకపు దస్తావేజునకు సర్వే పటమును జతపరచవలెనను ఏర్పాటు కలదు. ఆ నిర్బంధము తనకు వర్తించినను వర్తింపకున్నను పటము గీయించుకొనుటను అడ్డగించు నియమమేదియు లేదు.

ఇక హద్దులు వ్రాయు విధము. పాత దస్తావేజు ఎదుట పెట్టుకొని క్రొత్తది వ్రాయువారు అందులోని హద్దులను యథాతథముగా ఎత్తి వ్రాయుట మిక్కిలి ప్రమాదకరమైన అలవాటు. పాత దస్తావేజు మూడెకరములకు వ్రాసినది. తూర్పు బాట, పడమర వాగు, ఉత్తర దక్షిణములకు ఫలానా ఫలానా వారి భూములు అని అందులో నుండును. విస్తీర్ణము మాత్రము మార్చి "ఇరువది గుంటలు" అని వ్రాసి, హద్దులు అవే యుంచినచో, ఆ దస్తావేజు రెండు నాలుకలతో మాటలాడును. విస్తీర్ణమునకును హద్దులకును వైరుధ్యము వచ్చినపుడు న్యాయస్థానములు సామాన్యముగా హద్దులకే ప్రాధాన్యమిచ్చును. ఇరువది గుంటల సొమ్ము పుచ్చుకొనినవాడు మూడెకరముల హద్దులపై వ్రేలిముద్ర వేసియుండును. ఆ దృష్టాంతములోని రైతు దస్తావేజున పడమటి హద్దు వాగు కాదు. "ఇదే సర్వే నంబరులో అమ్మకందారునికి మిగిలిన భూమి" అని యుండవలెను. ఈ యొక్క వాక్యము లేని దస్తావేజుపై సంతకము చేయరాదు.

ఇట్లే "మిన్‌జుమ్లా" యను మాట. మొత్తములో కొంత యని దాని యర్థము. "సర్వే నంబరు ఇంత, మిన్‌జుమ్లా ఇరువది గుంటలు" అని మాత్రము వ్రాసి, ఏ మూలనో చెప్పకున్న, కొన్నవాడు తనకు నచ్చిన మూల కూర్చుండును. అతని యొద్దనుండి కొన్న రెండవవాడు వేరొక మూలకు వచ్చును. ఒకే సర్వే నంబరులో నలుగురు పట్టాదారులున్నచోట ఈ మాట తగవులకు విత్తనము.

పాత కాగితములు చదివించుకొను సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. 1948కు పూర్వము నైజాము రాజ్యమున రెవెన్యూ కాగితములు ఉర్దూలో నడచెను. తాతల నాటి బైనామా, సేత్వారు నకలు ఇప్పటికిని పెట్టెలలో నున్నవి. ఊరిలో ఉర్దూ చదువ నేర్చిన వృద్ధుడెవరో చెప్పిన మాటను పట్టుకొని తెలుగులో హద్దులు వ్రాయించుట పరిపాటి. ఆ కాగితములలో మష్రిఖ్ అనగా తూర్పు, మగ్రిబ్ అనగా పడమర, షుమాల్ అనగా ఉత్తరము, జునూబ్ అనగా దక్షిణము. తూర్పు పడమరలను పొరబడువారు తక్కువ, అవి నమాజు దిక్కుతో ముడిపడియున్నందున వినియుందురు. షుమాలును దక్షిణముగా చెప్పువారు కలరు. ఆ యొక్క మాట తారుమారైన ఉత్తరపు పొరుగువాడు దక్షిణమునకు వచ్చును. క్రొత్త దస్తావేజు పాతదానితో పొసగదు. పొరుగువాడు అభ్యంతరము తెచ్చును. కావున చదివినవాని మాటను పొలములో నిలిచి దిక్కులతో సరిచూచుకొనవలెను. తేదీల విషయమున ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన సుమారుగా ఇంగ్లీషు సంవత్సరము తెలియును. ఫసలీ 1355 అనగా 1945-46. ఈ లెక్క తెలియక పాత కాగితము తేదీని తప్పుగా ఎత్తి వ్రాసి, తండ్రి పుట్టకమునుపే తండ్రి కొన్నట్లు చూపిన దస్తావేజులు లేకపోలేదు. హైదరాబాదు ప్రాంతపు భూములకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైన ఆధారము. అందులో తన పెద్దల పేరు ఎట్లు వ్రాయబడినదో నకలు తీసి చూచుకొనుట మేలు.

అమ్ముటకు తనకు హక్కు కలదా యని ఇతరులకంటె ముందు తానే ప్రశ్నించుకొనవలెను. పట్టా తన యొక్కని పేర నున్నంతమాత్రమున భూమి యంతయు తనది కాదు. "ఆడుపడుచులకు పెండ్లి చేసి పంపితిమి, వారి పని ముగిసినది" అను మాట నేడు చెల్లదు. తండ్రి వీలునామా వ్రాయక గతించిన, అతని స్వంత భూమిలో కుమార్తెలకు 1956 హిందూ వారసత్వ చట్టమునుండియే భాగము కలదు. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమాన హక్కు 2005 సెప్టెంబరు 9 నాటి సవరణచే వచ్చెను; ఆ దినమున తండ్రి బ్రతికియుండనక్కరలేదని సర్వోన్నత న్యాయస్థానము 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పెను. అక్కచెల్లెండ్రను ముందే పిలిచి, కూర్చుండబెట్టి, వారిని కూడ అమ్మకందారులుగా చేర్చి సంతకములు తీసికొనుట ఉత్తమము. అట్లు చేయక అమ్మిన, అయిదేండ్లకు వారిలో ఒకరు దావా వేసిన, కొన్నవాడు ఆమె మీదికి పోడు. అమ్మినవాని మీదికే వచ్చును. తల్లిదండ్రులలో ఒకరు గతించి మైనరు బిడ్డకు ప్రత్యేకముగా భూమి సంక్రమించియుండిన, సంరక్షకుడు న్యాయస్థానపు అనుమతి లేక దానిని అమ్మరాదు.

సర్కారు పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్ముటకు 1977 చట్టము అడ్డు. ఆంధ్రప్రదేశ్‌లో ఇరువది యేండ్లు గడచిన అట్టి భూముల విషయమున 2023లో సవరణ జరిగెను గాని, తన భూమి నిషేధిత జాబితాలో నున్నదో తొలగినదో కార్యాలయమున చూచిన పిమ్మటనే బేరమాడవలెను. ఏజన్సీ ప్రాంతములలో 1959 నాటి మొదటి రెగ్యులేషను, దాని 1970 సవరణ ప్రకారము గిరిజనులకుగాక ఇతరులకు భూమి బదలాయింపు చెల్లదు. ఈ రెండు తరగతుల భూములకు బయానా పుచ్చుకొనుటయే తప్పు.

సహకార సంఘమునకో బ్యాంకునకో భూమి తాకట్టున నున్నచో, అప్పు తీర్చినంతమాత్రమున తాకట్టు తొలగదు. తీర్చినట్లు పత్రము తీసికొని, తాకట్టు విడుదలను రికార్డులో చేర్పించవలెను. ఈ సంగతి ఈ.సీ. నకలులో తెలియును. రుసుము చెల్లించి ఎవరైనను తీయవచ్చును. అమ్మువాడు తనది తాను తీసి చూచుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు. పదునైదేండ్ల క్రిందట తీరిన అప్పు ఇంకను కాగితమున నిలిచియుండుట సాధారణము.

దస్తావేజును ఎవరు వ్రాయవలెను? వకీలే వ్రాయవలెనని ఏ చట్టమునందును లేదు. 1908 రిజిస్ట్రేషను చట్టము ప్రకారము జిల్లాలో వాడుకలోనున్న భాషలో దస్తావేజు వ్రాయవచ్చును. రైతు తనకు తెలిసిన తెలుగులో తానే వ్రాసికొనవచ్చును, తన కుమారునిచే వ్రాయించుకొనవచ్చును. పూర్వము పట్వారీ వ్రాసిపెట్టెడివాడు. ఆ యుద్యోగము 1984లో తొలగింపబడెను. నేడు కార్యాలయము బయట యంత్రము ముందు కూర్చుండిన యువకుడు పాత ముసాయిదాలో పేర్లు మార్చి ఇచ్చుచున్నాడు. అతడు చెడ్డవాడు కాడు. అతనికి పొలము తెలియదు, అంతియే. తెలంగాణమున సాగుభూమి అమ్మకము ఇప్పుడు తహశీల్దారు కార్యాలయముననే, ముందుగా వేళ నిర్ణయించుకొని జరుగును. పట్టా మార్పును అప్పుడే చేయుదురు. ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున జరుగును. రెండు చోట్లను రిజిస్ట్రీ చేయు అధికారి చూచునది సంతకము చేసినవాడు ఆ మనుష్యుడేనా, ఇష్టపూర్వకముగా చేసెనా, రికార్డున వాని పేరున్నదా యనునదియే. దారి విడువబడెనా, హద్దు సరియైనదా యని ఆయన అడుగడు. అడుగుట ఆయన పనియు కాదు.

ముసాయిదాను వ్రేలిముద్రకు కనీసము ఒక దినము ముందు ఇంటికి తెచ్చుకొని, అక్షరము అక్షరము చదివించుకొని వినవలెను. వినునపుడు మూడు చోట్ల ఆగవలెను. మొదటిది పైన చెప్పిన హద్దుల పట్టిక. రెండవది పొలములోని వస్తువుల మాట. భూమి అమ్మిన, వేరుగా వ్రాయనిచో, అందులోని చెట్లు, బావి, భూమికి అంటియున్నవన్నియు భూమితోడనే పోవును. ఆ ఇరువది గుంటలలో బోరు ఉన్నచో, మిగిలిన రెండున్నర ఎకరములు దేనితో తడియునో ముందు ఆలోచించి, బోరును మినహాయించుటయో, నీరు తీసికొను హక్కును నిలుపుకొనుటయో దస్తావేజులోనే వ్రాయించవలెను. పైపు పోవు మార్గమును కూడ వ్రాయించుట మంచిది.

మూడవది చివర వచ్చు పూచీ మాట. "ఈ ఆస్తిపై ఎట్టి తగాదా వచ్చినను అమ్మకందారుడు తన స్వంత ఖర్చులతో పరిష్కరించి, కలిగిన నష్టమును తన ఇతర స్థిరచరాస్తులనుండి చెల్లించువాడు" అని ప్రతి ముసాయిదాలోను ఉండును. ఎవరును చదువరు. ఆ "ఇతర స్థిరాస్తి" యనగా మిగిలిన రెండున్నర ఎకరములే. ఈ మాటను పూర్తిగా తీసివేయుమనిన కొనువాడు ఒప్పుకొనడు, ఒప్పుకొనుట న్యాయమును కాదు. అయితే తనకు తెలిసిన లోపమును, అనగా పొరుగువానితో గట్టు తగవు, పెండింగు దావా, గతమున తెగిన దారి మొదలగువానిని దస్తావేజులోనే తెలిపినచో, కొన్నవాడు తెలిసియే కొన్నట్లగును. 1882 ఆస్తి బదలాయింపు చట్టము కూడ తెలిసిన లోపమును దాచరాదనియే అమ్మువానిని శాసించుచున్నది. దాచినవానికి రెండింతల దోషము.

సొమ్ము విషయము. స్టాంపు ఖర్చు తగ్గునని ధరను తక్కువగా వ్రాయుదమని కొనువాడు చెప్పును. స్టాంపు ఖర్చు, వేరు ఒడంబడిక లేనిచో, కొనువానిది. తెలంగాణమున 2021 జూలై 22 నాటి పెంపుతో అది అన్నియు కలిపి నూటికి ఏడున్నర రూపాయలయ్యెను; పోవునాటి దరను విచారించుకొనవలెను. తక్కువ వ్రాసినందున లాభము కొనువానికి చేరును. అపాయము అమ్మువానికి మిగులును. వ్రాయని సొమ్ము ముట్టకున్న, దానిని అడుగుటకు కాగితమున ఆధారమే లేదు. నగదు సంగతి అంతకంటె కఠినము. 2015 జూన్ 1 నుండి వచ్చిన ఆదాయపు పన్ను నియమము ప్రకారము స్థిరాస్తి అమ్మకమునకై ఇరువది వేల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదు. ఇరువురకును వ్యవసాయాదాయమే యుండి, ఒకరికిని పన్నుకు తగిలెడి యాదాయము లేనిచో మాత్రము మినహాయింపు. జరిమానా ఇచ్చినవానికి కాదు, పుచ్చుకొనినవానికి, పుచ్చుకొనినంత మొత్తము. కొనువాడు పట్నపు వ్యాపారియో ఉద్యోగియో అయినచో ఈ మినహాయింపు దొరకదు. కనుక బ్యాంకు ద్వారానే పుచ్చుకొని, ఆ సంఖ్యను, తేదీని దస్తావేజులో వ్రాయించవలెను.

"పూర్తి సొమ్ము ముట్టినది" అని వ్రాసిన పిమ్మట కొంత మిగిలియున్నదని చెప్పుట కష్టము. బాకీ యున్నచో ఎంత బాకీ, ఏ తేదీకి చెల్లించవలెనో అక్కడనే వ్రాయించవలెను. అట్లు వ్రాయబడిన బాకీకి ఆ భూమి మీదనే హక్కు నిలుచునని 1882 చట్టము చెప్పుచున్నది. చెక్కు ఇచ్చినచో, అది బ్యాంకున జమ అయినట్లు తెలిసిన తరువాతనే వ్రేలిముద్ర వేయుట మేలు. కార్యాలయములో వేళ దాటిపోవునని తొందరపెట్టువారు ఉందురు. వేళ మరల దొరకును. దస్తావేజుపై సంతకము చేసిన దినమునుండి నాలుగు నెలలలోపల రిజిస్ట్రీకి దాఖలు చేయవచ్చునని చట్టమే గడువిచ్చినది.

రిజిస్ట్రీకి బదులుగా సాధికార పత్రము, అనగా జీ.పీ.ఏ., వ్రాసి ఇమ్మని కొందరడుగుదురు. "ఇప్పుడు ఇది చాలును, పిమ్మట నేనే ఎవరి పేరనైనను చేయించుకొందును" అని వారి మాట. జీ.పీ.ఏ. వలన యాజమాన్యము మారదని సర్వోన్నత న్యాయస్థానము 2011లో స్పష్టముగా చెప్పెను. రికార్డున పేరు అమ్మినవానిదే యుండును. అతని పేర ఇతరుడు ఏమి వ్రాయునో అతనికి తెలియదు. పత్రమున సర్వే నంబరు పూర్తిగా వ్రాయబడియుండిన, మిగిలిన రెండున్నర ఎకరములు కూడ ఆ యధికారమున చేరును.

తెల్లకాగితపు అమ్మకము మరియొక చిక్కు. నూరు రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు దస్తావేజు లేక చెల్లదు. తెలంగాణమున 2014 జూన్ 2కు ముందు జరిగి, 2020 అక్టోబరు 12 మొదలు నవంబరు 10 వరకు దరఖాస్తు చేసికొనిన చిన్న, సన్నకారు రైతుల సాదా బైనామాలను క్రమబద్ధము చేయుటకు 2025 చట్టమున వీలు కల్పింపబడెను. అది గతించిన వ్యవహారములకు మాత్రమే. ఇప్పుడు తెల్లకాగితముపై అమ్మినవాడు తన కుమారులకు వ్యాజ్యమును ఆస్తిగా ఇచ్చినవాడగును. ఏలయన తాత అమ్మెనో కౌలుకిచ్చెనో మనుమలకు తెలియదు. కొన్నవాని మనుమలకును తెలియదు.

రిజిస్ట్రీ దినమున చేయవలసినది స్వల్పము. ఇద్దరు సాక్షులలో ఒకడైనను తన పక్షపు మనుష్యుడై, హద్దులు తెలిసినవాడై యుండవలెను. ఇరువురును కొనువాని చుట్టములైన సాక్ష్యమునకు పనికిరారు. కొట్టివేతలు, నడుమ వ్రాసిన మాటలు ఉన్నచోట్ల సంతకములుండవలెను. ఖాళీగా విడిచిన చోటు ఒక్కటియు ఉండరాదు. యంత్రము నుండి తుది కాగితము వచ్చిన తరువాత పటముతో మరల ఒకమారు సరిచూడవలెను. ముందు చదివినదియే ఇదియని నమ్మరాదు.

మూల దస్తావేజు సంగతి ఇక్కడ చెప్పవలసియున్నది. సొమ్ము చెల్లించిన వెంటనే కొన్నవాడు "పాత దస్తావేజు ఇమ్ము" అని చేయి చాచును. భూమి యంతయు అమ్మినవాడు దానిని ఇచ్చివేయవలసినదే. కాని కొంత భాగము తన యొద్ద నిలుపుకొనినవాడు మూల దస్తావేజును తన యొద్దనే యుంచుకొనవచ్చునని 1882 చట్టమున స్పష్టముగా వ్రాసియున్నది. కొన్నవాడు కోరినపుడు చూపవలెను, నకలు ఇవ్వవలెను, అసలును ఇవ్వనక్కరలేదు. ఈ సంగతి తెలియక మూడెకరముల మూలపత్రమును ఇరువది గుంటల కొరకు ఇచ్చివేసి, మరుసటి యేడు అప్పు కొరకు బ్యాంకునకు పోయి, కాగితము లేక కొన్నవాని యింటి ముందు నిలువబడిన రైతులు ఊరూర కలరు.

దస్తావేజులో తప్పు దొర్లినట్లు తరువాత తెలిసిన, ఇరువురును కలిసి సవరణ దస్తావేజు వ్రాసికొనవచ్చును. కొన్నవాడు ఒప్పుకొననిచో న్యాయస్థానమున సవరణ కోరుటకు 1963 నిర్దిష్ట పరిహార చట్టము దారి చూపుచున్నది. మొదటి మార్గము ఒక పూట పని, రెండవది కొన్ని యేండ్ల పని. తప్పు తెలిసిన వెంటనే, కొన్నవాడు ఇల్లో కంచెయో కట్టకమునుపే అడిగినచో చాలవరకు ఒప్పుకొందురు.

అమ్మకము జరిగిన నెల లోపల దస్తావేజు ధృవీకృత నకలును రుసుము చెల్లించి తీసికొని, మూల దస్తావేజుతోను పటముతోను కలిపి ఒకే సంచిలో నుంచవలెను. అమ్మిన దినము వరకు గల శిస్తు, నీటి తీరువ అమ్మినవానిదే గనుక ఆ రసీదులను కూడ అందే యుంచవలెను. పిమ్మట తన పాసుపుస్తకమును, పహాణీని తీసి చూడవలెను. అందులో ఇరువది గుంటలు తగ్గి రెండెకరముల ఇరువది గుంటలు నిలిచినదా, లేక గుమాస్తా పొరపాటున సర్వే నంబరు మొత్తము కొన్నవాని ఖాతాకు పోయినదా యను సంగతి ఆ యొక్క పంక్తిలో తెలియును. పంట ఋణము, ఎకరమునకు ఇంతయని సర్కారు ఇచ్చు సాయము, పంటను కేంద్రమున అమ్ముకొనుట ఆ పంక్తిని బట్టియే నడుచును. అంకె తప్పియున్న, దస్తావేజు నకలును జతపరచి అదే వారమున తహశీల్దారు కార్యాలయమున అర్జీ దాఖలు చేసి, దాఖలు రసీదును తీసికొనవలెను. ఆ రసీదును కూడ అదే సంచిలో వేయవలెను.